సుగ్గికి వెళ్లే పెన్సిళ్ల డబ్బా



పిల్లల పెన్సిళ్లు, రంగులు పెట్టుకొనే డబ్బా గూర్చి ఒక కుటుంబ పత్రికలో ఇంతగా వ్రాయవలసినది ఏముంది అని కొందరు అనుకోవచ్చు. మా సంఘములో మాత్రము క్రిస్మసు పండుగ ముగిసిన వారములో జరిగే పెద్దల కూడికలో ప్రతి సంవత్సరము ఈ సంగతి చర్చకు వస్తుంది. మందిరము రేకుల మరమ్మతు, మైకు సెట్టు బాగుచేయించడము, ఆ తరువాత ఈ డబ్బాలు. ఎన్ని కావాలి, ఎంత అవుతుంది, ఏ రకమైతే నాలుగు నెలలు నిలుస్తుంది? ఈ మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ సేపు పడుతుంది. దానికి కారణము మా ప్రాంతమే.

మేము పరిచర్య చేస్తున్నది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని పరిసరాలలోని ఒక చిన్న గ్రామములో. వానమీద ఆధారపడిన నేల. పత్తి తీత అయిపోయిందంటే ఊరిలో చేయడానికి పని ఉండదు. అప్పుడు జనము సుగ్గికి పోతారు. కోస్తా జిల్లాల పాఠకులకు ఈ మాట కొత్తగా ఉండవచ్చు. సుగ్గి అంటే పంట కోతల కాలము. కన్నడ సీమ ప్రక్కనే ఉండడము వలన మా వైపు నిలిచిపోయిన మాట. "గుంటూరు సుగ్గి" అంటే మిరప కోత. జనవరిలో తాళము పడిన ఇంటి తలుపు మళ్లీ ఉగాది రోజులకు గాని తెరుచుకోదు. ఆ నెలలలో ఆదివారము ఆరాధనకు పరచిన చాపలు సగము ఖాళీగానే ఉంటాయి. అవ్వలు, తాతలు, ఇల్లు వదిలి పోలేని రోగులు మిగులుతారు.

పిల్లల సంగతి ఏమిటి? వలస వెళ్లే కుటుంబాల పిల్లలు బడి మానకుండా ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు ఏర్పాటు చేస్తూ వచ్చింది. అది మంచి ఏర్పాటే. అవ్వ తాతల దగ్గర ఉండి చదువుకొనేవారూ ఉన్నారు. అయినా కొందరు తల్లిదండ్రులతో లారీ ఎక్కకుండా ఆగరు. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్ద పిల్ల కావాలి. లేదా అవ్వ లేదు. లేదా ఎదిగే ఆడపిల్లను విడిచి వెళ్లడానికి తల్లికి ధైర్యము చాలదు. "ఏం జేద్దుము అమ్మగారూ, ఈడ పనుల్లేవు. సుగ్గికి పోకుంటే అప్పు యాడ తీర్సేది? పిల్లను యాడ ఇడిసిపెట్టేది?" అని ఒక తల్లి మా వాకిట కూర్చొని అడిగితే, బడి మాన్పించవద్దని చెప్పడము సులువే గాని, ఆ ప్రశ్నకు అది జవాబు కాదు.

అందుచేత 2016 జనవరి నుండి మా సండే స్కూలు తరఫున, సుగ్గికి వెళ్లే ప్రతి బిడ్డకు కొన్ని పెన్సిళ్లు, రంగులు, పది తెల్ల కాగితాలు ఇచ్చి, ప్రార్థన చేసి పంపుతున్నాము. దీనితో వారు అక్కడ చదువుకొని పండితులవుతారని మేము తలంచలేదు. నాలుగు నెలలు పెన్సిలు ముట్టని వేళ్లు మరల బడిలో కూర్చున్నప్పుడు వ్రాయడానికి సిగ్గుపడతాయి. ఆ సిగ్గుతోనే చాలామంది చదువు ఆగిపోతుంది. ఇది మేము పుస్తకములో చదివినది కాదు, బడి మానేసిన పిల్లల ఇండ్లకు తిరిగి తెలుసుకొన్నది. వేళ్లకు పెన్సిలు అలవాటు తప్పకుండా ఉంటే చాలునన్నదే మా ఆశ.

మొదటి సంవత్సరాలలో పిల్లలు వాటిని తమకు దొరికిన డబ్బాలలో, సంచులలో పెట్టుకొని వెళ్లారు. ఏప్రిల్ నెలలో తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారము సండే స్కూలులో "మీ డబ్బాలు తీసుకొని రండి" అని చెప్పి, అన్నీ చాప మీద పోయించి చూశాము. ప్రక్కనే ఒక చీపురు కూడా పెట్టుకోవలసి వచ్చింది, ఎందుకంటే సగము మన్నే. ఆ తరువాత ప్రతి ఏప్రిల్‌లోను అలాగే చూస్తున్నాము. డబ్బాల గూర్చి మేము నేర్చుకొన్నది ఆ చాప మీదనే.

మా చిన్నతనములో ఈ బాధ లేదు. పలక, బలపము, పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచి. బలపము నిక్కరు జేబులోనే ఉండేది, కొందరికి నోటిలో ఉండేది. బలపము క్రింద పడి విరిగితే రెండు బలపాలయ్యాయని సంతోషించేవారము. పెన్సిలు అలాంటిది కాదు. గ్రాఫైటు పొడిని బంకమన్నుతో కలిపి కాల్చి చేసిన సన్నని పుల్ల దాని లోపల ఉంటుంది. పెన్సిలు ఎత్తునుండి నేల మీద పడితే పైకి ఏమీ కనబడదు గాని, లోపల ఆ పుల్ల నాలుగైదు చోట్ల విరుగుతుంది. చెక్కిన కొద్దీ ముక్క ఊడి వస్తూనే ఉంటుంది. పిల్లవాడు పెన్సిలు మంచిది కాదంటాడు, తల్లి పిల్లవాడే మంచివాడు కాదంటుంది. రంగు పెన్సిళ్ల లోపలి పుల్ల ఇంకా మెత్తన. లారీలో పది గంటలు డబ్బాలో దడదడలాడిన పెన్సిళ్లు చేరవలసిన ఊరు చేరకముందే పాడవుతాయి.

(ఇక్కడ ఒక చిన్న మాట. గుంటకల్లు నుండి గుంటూరుకు రైలులో వెళ్లేవారు మార్కాపురం రోడ్డు స్టేషను దాటే వెళ్తారు. పలకలకు పేరుపొందిన మార్కాపురము అదే. ఎన్ని తరాల తెలుగు పిల్లలు ఆ రాతి మీద "అ ఆ"లు దిద్దారో! సుగ్గికి వెళ్లే పిల్లలకు కిటికీలోనుండి ఆ స్టేషను పేరు చదవమని చెప్పి పంపుతాము. ఎక్కువ మంది లారీలోనే వెళ్తారు గనుక ఆ అవకాశము కొందరికే.)

ఇక డబ్బాల విషయము. రంగులతోపాటు వచ్చే అట్టపెట్టె వారము రోజులు నిలవదు. గుడ్డ సంచి తేలిక, కాని దెబ్బ ఆపలేదు, తడి ఆపలేదు. జిప్పు సంచికి మన్ను పట్టి జిప్పు మొరాయిస్తుంది. గాజు సీసా గుడారములో పసిపిల్లల మధ్య పెట్టదగినది కాదు.

బజారులో మెరిసే గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి. లోపలున్న రంగులన్నీ కనబడతాయి గనుక పిల్లలకు వాటి మీదనే ఆశ. చాప మీద పోసినప్పుడు వాటిలో మూత ఉన్నది ఒక్కటీ లేదు. ఇవి చాలావరకు పాలిస్టైరీన్ అనే రకము. చూపుకు బాగుంటుంది, కాని పెళుసు. ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణపు గుర్తులో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది, పాఠకులు తమ వంటింటి డబ్బాలు తిరగవేసి చూడవచ్చు. 6 అని ఉంటే ఈ పెళుసు రకము. 5 అంటే పాలీప్రొపిలీన్, 2 అంటే గట్టి రకపు పాలిథీన్. ఈ రెండూ క్రింద పడితే వంగుతాయి గాని పగలవు. 5 అంకె గల రకములో ఒక విశేషమున్నది. మూతను డబ్బాతో కలిపే సన్నని మడత అదే ప్లాస్టిక్‌తో పోసినదైనా, వేల సార్లు తెరిచి మూసినా తెగదు. ఇంటి దగ్గర ఉండి చదువుకొనే పిల్లలకు మేము ఈ రకమే చెబుతాము. ధర తక్కువ, కడుగుకోవచ్చు, చేతులు కోసుకోవు.

రబ్బరు విషయము కూడా చెప్పాలి. తెల్లని మెత్తటి రబ్బరును పెళుసు ప్లాస్టిక్ డబ్బాలో నెలల తరబడి వదిలేస్తే రెండూ అంటుకుపోయి, డబ్బాకు కాలినట్లు గుంట పడుతుంది. పిల్లవాడు అగ్గిపుల్ల గీశాడని ఒక తండ్రి కొట్టబోతే మేము అడ్డుపడ్డాము. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపే నూనెవంటి పదార్థము ఆ ప్లాస్టిక్‌ను తినివేస్తుంది, అంతే. రబ్బరుకు చుట్టి వచ్చిన కాగితపు తొడుగు తీయకుండా ఉంచితే ఈ బాధ ఉండదు.

రేకు జామెట్రీ పెట్టె మన పిల్లలకు ఎంతో కాలముగా పరిచయమైనది. దెబ్బకు తట్టుకుంటుంది, సొట్ట పడినా పని చేస్తుంది. కాని జనవరి మంచు దాని శత్రువు. పొలములో వేసిన పట్టా గుడారము క్రింద తెల్లవారేసరికి అంతా చెమ్మే. గీత పడిన చోట మొదలైన తుప్పు మూత కీలు వరకు ప్రాకుతుంది. ఒక పెట్టెను ఇద్దరు పెద్దవాళ్లు కలిసి తెరవవలసి వచ్చింది. మూత అంచు తగిలి వేలు తెగిన పిల్లలనూ చూశాము.

ఎండ మాట చెప్పనవసరము లేదు. మైనపు రంగులు, అంటే క్రేయాన్లు, పారాఫిన్ మైనములో రంగు కలిపి పోసినవి. సుమారు 50 డిగ్రీల వేడికి ఆ మైనము కరగడము మొదలుపెడుతుంది, అంతకు ముందే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది. మార్చి నెలలో ఎండలో వదిలేసిన డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించండి. ఒక బాబు డబ్బాలో పన్నెండు రంగులు కలిసి ఒకే ముద్ద అయ్యాయి. వాడేమీ బాధపడలేదు, పైగా ఒకే గీతలో నాలుగు రంగులు వస్తున్నాయని తోటివారికి చూపించి గర్వపడ్డాడు. అయినా సుగ్గికి వెళ్లే పిల్లలకు మేము క్రేయాన్లకు బదులు రంగు పెన్సిళ్లే ఇస్తున్నాము. స్కెచ్ పెన్నులు అసలే ఇవ్వము. మూత ఒక్క రాత్రి ఊడి ఉంటే ముల్లు ఎండిపోతుంది, అక్కడ ఇంకొకటి దొరకదు. అవి మందిరములోనే, వేసవి వి.బి.ఎస్. కోసము, మూతలు బిగించి పడుకోబెట్టి ఉంచుతాము. ఆ మూతల చివర ఉండే చిన్న రంధ్రము గూర్చి కొందరు తల్లులు అడుగుతుంటారు. సిరా ఎండుతుందని దానిని మైనముతో మూయవద్దు. పసిబిడ్డ మూత మ్రింగి అది గొంతుకు అడ్డుపడితే గాలి ఆడడానికి పెట్టిన రంధ్రమది. దీనికోసము ఐ.ఎస్.ఓ. 11540 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉన్నది.

వీటన్నిటికంటె మాకు తోచనిది మిరప ఘాటు. దానిని చెప్పినది ఒక తల్లి. రోజంతా కాయ కోసిన చేతులతో పిల్లల సామాను ముట్టుకుంటే, కళ్లములో లేచిన దుమ్ము డబ్బాలోనికి పోతే, ఆ పెన్సిలు పట్టుకొన్న బిడ్డ కన్ను నలుపుకొంటుంది. రాత్రంతా ఏడుపే. కాబట్టి మూత గట్టిగా బిగియాలి. దెబ్బ, చెమ్మ, ఎండ, మిరప ఘాటు, ఈ నాలుగింటికి తట్టుకొనే డబ్బా ఏది?

మా సంఘములో మోటారు పంపులు బాగుచేసే ఒక సహోదరుడు బోరుకు వేయగా మిగిలిన పి.వి.సి. పైపును ఎనిమిదేసి అంగుళాల ముక్కలుగా కోసి, రెండు వైపులా మూతలు బిగించి తెచ్చాడు. కొత్త పెన్సిలు సుమారు 7 అంగుళాలు ఉంటుంది గనుక సరిగ్గా సరిపోయింది. ఎద్దు త్రొక్కినా పగలదు. మేము ఎంతో సంతోషించాము. పిల్లలు మాత్రము దానిని దొర్లించి ఆడుకొన్నారు, అది వేరే సంగతి. పాఠకులలో రైతు కుటుంబాలవారికి ఈ ఉపాయము ఉచితముగా దొరుకుతుంది, పనికి వస్తుంది కూడా.

చివరికి మా పెద్దలు స్టీలు డబ్బాకు ఒప్పుకొన్నారు. పొడవాటి టిఫిను డబ్బా, బిగువైన మూత. స్టీలు తుప్పు పట్టదు, పగలదు, ఘాటు అంటితే కడిగితే పోతుంది. ఎండకు వేడెక్కుతుంది నిజమే, లోపలున్నవి మైనపు రంగులు కావు గనుక నష్టము లేదు. లోపల దడదడలాడకుండా స్త్రీల సమాజమువారు పాత చీరల గుడ్డతో అరలు అరలుగా సంచులు కుట్టారు. పెన్సిలుకు ఒక అర. చుట్టి డబ్బాలో పెడితే కదలదు.

ఒక పెద్ద మనిషి అభ్యంతరము చెప్పాడు. "పాస్టరుగారూ, స్టీలు డబ్బా ఇస్తే అది పిల్లలకు మిగులుతుందా? వారములో ఉప్పు డబ్బా అవుతుంది." ఆయన మాట తీసివేయదగినది కాదు. గుడారములో గట్టి మూత గల స్టీలు డబ్బాకు వంద ఉపయోగాలుంటాయి. దానికి పరిష్కారము మా ఇంటిలోనే దొరికింది. మన తెలుగు ఇండ్లలో స్టీలు సామాను కొన్నప్పుడు అంగడిలోనే పేరు కొట్టించుకొంటాము గదా! పెండ్లికి పెట్టిన బిందె మీద మేనమామ పేరు, గృహప్రవేశానికి ఇచ్చిన పళ్లెము మీద ఇచ్చినవారి పేరు. పేరు ఉన్న గిన్నె పొరుగింటికి వెళ్లినా తిరిగి వస్తుంది. అలాగే ప్రతి డబ్బా మీద బిడ్డ పేరు, ఇంటి పేరుతో సహా కొట్టించాము. సంఘము పేరు వద్దనుకొన్నాము. ఎవరిచ్చారో కాదు, ఎవరిదో తెలియాలి.

ఆ డబ్బాలు పంచిన రోజు ఒక పాప తన పేరు మీద వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరము తడిమి, "ఇది నాకేనా అమ్మగారూ? మళ్లీ ఇచ్చేయాల్నా?" అని అడిగింది. ఆ ఇంటిలో ఆమె పేరు ఉన్న వస్తువు అంతవరకు రేషను కార్డు ఒక్కటే.

ఆ పాప సంగతే చెప్పబోతున్నాము. అంతకు ముందు యిర్మీయా ప్రవక్త గ్రంథము 32వ అధ్యాయము ఒకసారి తెరిచి చూడమని పాఠకులను కోరుతున్నాము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి ఉన్నది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఉన్నాడు. అట్టి దినములలో ఆయన తన బంధువైన హనమేలు వద్ద అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, పత్రము వ్రాయించి, సాక్షులను పెట్టి, ఆ పత్రములను ఒక మట్టికుండలో ఉంచమని బారూకుకు ఆజ్ఞాపించాడు. బహు దినములు చెడకుండ ఉండవలెనని కుండలో పెట్టించాడు. జనమంతా చెరకు, అంటే దూర దేశమునకు, తరలిపోబోతున్న వేళ ప్రవక్త చేతిలో ఒక కుండ ఉన్నది. మేము ఎన్నిసార్లు ఆ అధ్యాయము మీద బోధించినా పొలము గూర్చి బోధించాము, వెండి గూర్చి బోధించాము. కుండ వైపు మా చూపు తిప్పినది ఈ పిల్లల డబ్బాలే. 1947లో మృత సముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో దొరికిన ప్రాచీన లేఖనపు చుట్టలు కొన్ని నార గుడ్డ చుట్టి మట్టి జాడీలలో పెట్టినవే. సుమారు రెండు వేల సంవత్సరాలు అవి నిలిచాయి. గుడ్డ, దానిపైన గట్టి పాత్ర. మా స్త్రీల సమాజపు సహోదరీలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు కుట్టుమిషను ఆపి నవ్వారు.

నిర్గమకాండములో మందసము సంగతి కూడా అటువంటిదే. తుమ్మకఱ్ఱతో రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. దానికి ఉంగరములు, ఉంగరములలో మోతకఱ్ఱలు, ఆ మోతకఱ్ఱలు ఎన్నడూ తీయకూడదని ఆజ్ఞ. లోపల పెట్టినవి రాతి పలకలు. నిలువ నీడలేక నడుస్తున్న ప్రజలకు మోసుకొనిపోదగిన పెట్టెను దేవుడే కొలతలతో చెప్పాడు. మా పొలాల గట్ల మీద ముళ్లతో నిలబడే తుమ్మచెట్టును చూసినప్పుడల్లా ఈ మాట జ్ఞాపకము వస్తుంది.

ఇప్పుడు ఆ పాప. నాలుగవ తరగతి చదువుతున్నది. జనవరిలో తల్లిదండ్రులతో, తమ్ముడితో గుంటూరు వైపు ఒక పల్లెకు వెళ్లింది. తిరిగి వచ్చిన తరువాత ఎప్పటివలె డబ్బాలన్నీ చాప మీద తెరిపించాము. ఆమె డబ్బా తుడిచి ఉంచినట్లుగా ఉన్నది. గుడ్డ అరలలో ఆకుపచ్చ, నీలము, పసుపు దాదాపు ఇచ్చినట్లే ఉన్నాయి. నల్ల పెన్సిలు రెండు అంగుళాలు మిగిలింది. ఎర్ర పెన్సిలు మాత్రము చిటికెన వ్రేలి గోరంత. "అంత ఎరుపు ఎక్కడ వేశావమ్మా?" అని అడిగితే మాట్లాడకుండా డబ్బా అడుగున మడిచి పెట్టిన కాగితాలు తీసి ఇచ్చింది.

ఆ కాగితాలలో వరుసగా తేదీలు. తేదీ ప్రక్కన "అమ్మ", "నాయన", దాని ప్రక్కన అంకె, అంకె ప్రక్కన ఎర్ర మిరపకాయల బొమ్మలు. సాయంకాలము కాటా వేసినప్పుడు మేస్త్రీ చెప్పిన కిలోలు ఆ పిల్ల వ్రాసి పెట్టింది. పది కిలోలకు ఒక కాయ. "బొమ్మలు ఎందుకు, అంకె చాలదా?" అంటే, "మా యమ్మకు అంకెలు రావు గదా అయ్యగారూ. కాయలైతే ఆమే లెక్కబెట్టుకుంటాది" అన్నది. ప్రక్క గుడారములోని ఒక అవ్వ లెక్క కూడా కాగితము వెనుక వైపు ఉన్నది. ఆ అవ్వ బొమ్మకు కొంగు కూడా వేసింది.

మిగతాది తల్లి చెప్పింది. మార్చి నెలలో ఒక రాత్రి అకాల వర్షము కురిసింది. కళ్లములోని కాయలు కాపాడుకోవడానికి అందరూ అటు పరుగెత్తగా గుడారాలు కూలి, బట్టలు, బియ్యము, చాపలు అన్నీ తడిసిపోయాయి. మేస్త్రీ లెక్కల పుస్తకము కూడా తడిసింది. అది సిరాతో వ్రాసిన పుస్తకము, కొన్ని పుటలు నీలి మరకలైపోయాయి. ఆయన మోసగాడని ఎవరూ అనలేదు, మేమూ అనము. అంతమంది లెక్క ఒక్క పుస్తకములో పెట్టుకొని వానలో నిలిచినవాడు ఏమి చేయగలడు? కాని లెక్క తీర్చే రోజున ఆ కుటుంబానికి ఐదు రోజుల కాటా అతనికి గుర్తు లేదు, వీరికి కాగితము ఉన్నది. డబ్బా లోపల ఒక్క చుక్క తడి చేరలేదు. ఒకవేళ చేరినా పెన్సిలు గీత నీటికి కరగదు. గ్రాఫైటు స్వభావము అది. తల్లి మూత తెరిచి కాగితము పరచి, మిరపకాయలు వ్రేలితో లెక్కపెట్టి చూపించిందట. చాలాసేపు మాటలు జరిగాయి. నాలుగు రోజుల కూలి ఒప్పుకొన్నాడు. వర్షము కురిసిన రోజు లెక్క మాత్రము ఒప్పుకోలేదు, అది పోయింది. అవ్వకు రావలసినది అంతా వచ్చింది.

తల్లి ఈ సంగతి సాక్ష్యముగా సంఘములో చెప్పడానికి నిలబడి, రెండు మాటలు చెప్పి ఏడ్చేసింది. ఆ నాలుగు రోజుల కూలి పెద్ద మొత్తము కాదు. కాని ఎన్నో సంవత్సరాలుగా సుగ్గికి వెళ్తున్న ఆమె, ఇతరులు చెప్పినంత తీసుకొని రావడమే గాని, "ఇంత రావాలి" అని చెప్పడము అదే మొదటిసారి.

మరుసటి క్రిస్మసు తరువాత కూడికలో స్టీలు డబ్బాల ఖర్చు గూర్చి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. కాగితాలు పదికి బదులు ఇరవై పెట్టమని, ఎర్ర పెన్సిళ్లు రెండేసి ఇవ్వమని స్త్రీల సమాజమువారు చెప్పారు. అలాగే చేశాము. ఇతర సంఘాలలో ఇటువంటి కుటుంబాలు ఉంటే మా అనుభవము నుండి రెండు సంగతులు తెలియజేస్తాము. డబ్బా కొనేముందు ఒక కొత్త పెన్సిలు వెంట తీసుకొని వెళ్లి అంగడిలోనే పెట్టి చూడండి. గుండ్రటి డబ్బాలలో అది నిలువదు. పేరు కొట్టించేముందు బిడ్డనే పేరు అడగండి. బడి పుస్తకములో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు ఉంటుంది. ఒక బాబు బడి పేరుతో కొట్టించిన డబ్బాను తనది కాదని తీసుకోవడానికి నిరాకరించాడు.

ఆ పాప ఇప్పుడు ఆరవ తరగతి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములో సీటు దొరికింది. అక్కడే ఉండి చదువుకొంటున్నది. ఈసారి జనవరిలో తల్లిదండ్రులతో లారీ ఎక్కినది తమ్ముడు ఒక్కడే. వాడికి కొత్త డబ్బా ఇస్తామంటే, సంక్రాంతి సెలవులకు వచ్చిన ఆ పాప తన డబ్బానే తెచ్చి, తమ్ముడి పేరు కూడా కొట్టించమని అడిగింది. అంగడిలో పేర్లు చెక్కే అబ్బాయి డబ్బాను అటు ఇటు త్రిప్పి చూసి, "పాత పేరు రుద్దేసి కొట్టాల్నా పాపా?" అన్నాడు. "వద్దన్నా, క్రింద కొట్టు. జాగా ఉంది" అని మూత మీద వ్రేలితో చూపించింది.